నగరములలో తరంగముల తగవు

వీధిలో నొక మేడపై సెల్‌ఫోను టవరు లేచినదనుకొందము. మేడ యజమానికి అద్దె వచ్చును. ఎదురింటి తల్లికి నిద్ర రాదు. ఆ తరంగములు తన పసివానికేమి కీడు చేయునో యని ఆమె భయము. ఈ తగవు న్యాయస్థానముల వఱకు పోయినది. 2012లో రాజస్థాన్ ఉన్నత న్యాయస్థానము బడుల, ఆసుపత్రుల చెంతనున్న టవర్లను తొలగింపుమన్నది. 2021లో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము 5జి నెదిరించిన వ్యాజ్యమును కొట్టివేసినది.

శాస్త్రము చెప్పునదేమి? ఎక్స్ కిరణములవలె అణువుల బంధములను త్రెంచునంతటి శక్తి రేడియో తరంగములకు లేదు. తీవ్రత హెచ్చినచో అవి శరీరమును వేడెక్కించును. ఇంతవఱకు సందేహము లేదు. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ వీనిని ‘క్యాన్సరు కలిగింపవచ్చునేమో’ అను 2బి వర్గమున చేర్చినది. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరగా జరిగిన సమీక్షలో మాత్రము ఫోను వాడకమునకును మెదడు క్యాన్సరునకును సంబంధము కానరాలేదు.

మన ప్రభుత్వము జాగ్రత్త వైపే మొగ్గినది. అంతర్జాతీయ పరిమితిలో పదియవ వంతు చాలునని 2012 సెప్టెంబరు 1 నుండి నిర్ణయించినది. 900 మెగాహెర్ట్జుల యొద్ద అది చదరపు మీటరుకు 0.45 వాట్లు.

ఇందొక చిక్కు కలదు. దూరమున నున్నవానిని పిలువవలెనన్న గొంతెత్తవలెను గదా! టవరును దూరముగా తఱిమినచో, చెవికానిన ఫోనే తన శక్తిని హెచ్చించుకొనును. టవరును చూచి వెఱచు మనము, గంటల తరబడి ఫోనును చెవినుండి దింపము.

అట్లని ఆ తల్లి భయమును పరిహసింపరాదు. తన యింటిముందు నిలిచినదేదో తెలిసికొను హక్కు ఆమెకు కలదు. 2017లో కేంద్రప్రభుత్వము ‘తరంగ్ సంచార్’ అను అంతర్జాల ద్వారమును తెఱచి, టవర్ల వివరములు చూచుకొనుటకును, రుసుము చెల్లించి తరంగ తీవ్రతను కొలిపించుకొనుటకును వీలు కల్పించినది. ఆ కొలతను, కొలిచిన తేదీని, పరిమితిని మేడ గుమ్మము చెంత తెలుగులో వ్రాసి పెట్టిననేమి? భయమును అమ్ముకొనువారికిని, ‘ఏమియు లేదు పొండ’ని కసరువారికిని అప్పుడు నోరు మూతపడును.

మేమును తరంగములను నమ్ముకొని బ్రదుకువారమే. మా మాట పక్షపాతమని శ్రోతలు శంకింపవచ్చును. కావుననే మా మాటను గాక, కొలతను నమ్ముడని మనవి చేయుచున్నాము.