ఆపరేషన్ అయ్యాక మిగిలిన నొప్పి

ఈరోజు పట్టాలు అందుకుంటున్న ఫిజియోథెరపీ, నర్సింగ్ విద్యార్థులకు అభినందనలు.

మీ దగ్గరికి తప్పకుండా వచ్చే ఒక రకం రోగుల గురించే మాట్లాడతాను. వెన్నుకు ఆపరేషన్ అయినా నడుం నొప్పి వదలనివాళ్లు. ఈ నాయుడుపేట నుంచి నెల్లూరుకో, తిరుపతికో, చెన్నైకో వెళ్లి ఆపరేషన్ చేయించుకుంటారు. కుట్లు విప్పాక వచ్చేది మాత్రం ఇంటికే. కొన్ని నెలలకు నొప్పి మళ్లీ మొదలైతే ముందు మీ దగ్గరికే వస్తారు. వాళ్లలో వరినాట్లు వేసే ఆడకూలీ ఉంటుంది, మేనకూరు సెజ్‌లో షిఫ్టంతా నిలబడే కుర్రాడు ఉంటాడు, హైవే మీద రాత్రంతా లారీ నడిపే డ్రైవరు ఉంటాడు. "ఆపరేషన్ ఫెయిలైంది సార్" అంటారు. స్కాన్ బాగానే ఉందని డాక్టరు చెప్పి పంపేసి ఉంటాడు. అంత డబ్బు పోశాక ఇంకా నొప్పేమిటని ఇంట్లోవాళ్లు విసుక్కుంటూ ఉంటారు. కొన్నాళ్లకు ఆ మనిషికే తన నొప్పి మీద అనుమానం వస్తుంది. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే.

ఇది అరుదైన సంగతి కాదు. వెన్ను ఆపరేషన్ తర్వాత నొప్పి మిగిలేవాళ్లు నూటికి 10 నుంచి 40 మంది దాకా ఉంటారని వైద్య గ్రంథాలు చెబుతాయి. జారిన డిస్కు నరాన్ని నొక్కుతుందని, దాన్ని తీస్తే కాలి నొప్పి తగ్గుతుందని 1934లో మిక్స్‌టర్, బార్ అనే ఇద్దరు అమెరికన్ వైద్యులు ప్రకటించారు. నరం నొక్కుకున్నందువల్ల కాల్లోకి దిగే నొప్పికి ఆపరేషన్ ఇప్పటికీ బాగా పనిచేస్తుంది. ఒట్టి నడుం నొప్పికి అంత భరోసా లేదు. పైగా ఏ నొప్పీ లేని ఎనభై ఏళ్లవాళ్లకు స్కాన్ తీస్తే దాదాపు అందరికీ డిస్కులు అరిగే కనిపిస్తాయి. ఇరవై ఏళ్లవాళ్లలోనే మూడోవంతుకు పైగా అలా ఉంటారు. కాబట్టి స్కాన్‌లో కనబడిందల్లా నొప్పికి కారణమని అనుకోకండి.

మరి ఏం చేయాలి? అడగాలి. ఆపరేషన్‌కు ముందు నొప్పి ఎక్కడ? ఇప్పుడెక్కడ? మధ్యలో ఎన్నాళ్లు హాయిగా ఉన్నారు? ఒక్కరోజూ తగ్గలేదంటే అసలు కారణం వేరై ఉండొచ్చు, లేదా నరం చాలాకాలం నలిగి ముందే దెబ్బతిని ఉండొచ్చు. కొన్ని నెలలు బాగుండి అదే కాలు మళ్లీ లాగుతుంటే డిస్కు మళ్లీ జారిందేమో, నరం చుట్టూ మచ్చ కణజాలం పెరిగిందేమో చూడాలి. రాడ్లు, స్క్రూలు వేసిన కొన్నేళ్లకు పైపూసో కిందిపూసో అరగొచ్చు, పిరుదు దగ్గరి కీలు నొప్పెట్టొచ్చు. బట్ట తగిలినా మంట, ఉండుండి జివ్వుమనడం ఉంటే అది నరం నొప్పి. దానికి మామూలు నొప్పి బిళ్లలు పనిచేయవు, మందులు వేరే ఉన్నాయి. నెలల తరబడి నొప్పి సంకేతాలు అందుకున్న వెన్నుపాము, మెదడు చిన్న తాకిడిని కూడా పెద్ద నొప్పిగా తీసుకోవడం మొదలుపెడతాయి. అప్పుడు స్కాన్ శుభ్రంగా ఉన్నా నొప్పి నిజమే.

ఇలా మూలందాకా అడిగిన ఉదాహరణ మన జిల్లా చరిత్రలోనే ఉంది. నాయుడుపేట నిన్నమొన్నటి దాకా నెల్లూరు జిల్లాలోదే కదా. దర్శి, పొదిలి, కనిగిరి కూడా ఒకప్పుడు ఆ జిల్లావే. ఆ రోజుల్లో, 1937లో, షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు పరిశోధకులు తాగే నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు నెల్లూరు జిల్లాలో ఎలా ఉందో వ్యాసం ప్రచురించారు. వెన్ను కొయ్యబారిపోయి వంగలేని మనుషుల్ని చూసి వాళ్లు ఎముకల దగ్గర ఆగలేదు, తాగే బావి నీళ్ల దాకా వెళ్లారు. తర్వాత నల్గొండ ప్రాంతపు ఫ్లోరోసిస్ వెన్నుపామును ఎలా నలిపేస్తుందో హైదరాబాద్ న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి ఏళ్ల తరబడి అధ్యయనం చేశారు. అలాంటి వెన్నులో గట్టిపడిన లిగమెంట్లను సర్జన్ ఒకచోట తొలగించి వెన్నుపాముకు చోటు చేయగలడు. మిగతా వెన్నంతా అలాగే ఉంటుంది. మనిషి ఇంటికెళ్లి మళ్లీ అవే నీళ్లు తాగుతాడు. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ఉదయగిరి వైపు నుంచో కనిగిరి వైపు నుంచో రోగి వస్తే ఏ నీళ్లు తాగుతున్నారో అడగండి.

చికిత్స గురించి నా అభిప్రాయం దాచను. రెండో ఆపరేషన్ మొదటిదానంత ఫలితమివ్వదు, మూడోది ఇంకా తక్కువ. సరిచేయదగ్గ కారణం స్పష్టంగా దొరికితేనే మళ్లీ కత్తి పట్టాలి. వెన్నుపాము దగ్గర కరెంటు తీగ అమర్చి నొప్పిని తగ్గించే పద్ధతి 1967 నుంచి ఉంది. కొందరికి ఎంతో మేలు చేస్తుంది, కానీ లక్షల ఖర్చు. మన ఊళ్లో అందరికీ అందేది మీ చేతుల్లో ఉన్న వైద్యమే. రోజూ కొంచెం నడిపించడం, వారం వారం కొంచెం పెంచడం, వంగితే ఏదో విరిగిపోతుందన్న భయం పోగొట్టడం, నిద్రను, దిగులును కూడా పట్టించుకోవడం. సిగరెట్ మాన్పించండి. దీర్ఘకాలిక నడుం నొప్పికి బెల్టులు, ట్రాక్షన్ మామూలుగా వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లోనే చెప్పింది. రోగి అడిగాడని, క్లినిక్‌కు ఆదాయమని అవి అంటగట్టకండి. నొప్పి పూర్తిగా పోతుందని మాటివ్వకండి. మళ్లీ మడిలో దిగగలగాలా, మనవణ్ని ఎత్తుకోగలగాలా, వాళ్లకేం కావాలో అడిగి అక్కడిదాకా నడిపించండి.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం పనికిరాదు. మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, మలద్వారం చుట్టూ మొద్దుబారినా, కాలు రోజురోజుకూ పట్టు తప్పుతున్నా, ఆపరేషన్ అయినచోట వాపూ జ్వరమూ వచ్చినా వ్యాయామం ఆపి అదే రోజు పెద్దాసుపత్రికి పంపండి. మీరు చూసినదంతా చీటీ మీద రాసివ్వండి, ఆపరేషన్ కాగితాలన్నీ వెంట పంపండి. సర్జన్‌కు మీరే ఫోన్ చేసి చెప్పండి.