నల్లకుండ: మన్ను, మెరుగు, పొగ



కుండ ఎర్రగా ఉన్నచో అది మట్టి రంగనియు, నల్లగా ఉన్నచో మసి పట్టినదనియు లోకులు తలంతురు. ఆ తలంపు సగమే నిజము. ఒకే గుంటలోని మన్నుతో, ఒకే సారెపై, ఒకే చేయి చేసిన రెండు కుండలలో ఒకటి ఎర్రగాను, మరియొకటి కాటుకవలె నల్లగాను బయటికి రావచ్చును. భేదము మట్టిలో లేదు. ఆవము కాలు చివరి గంటలలో కుమ్మరి గాలిని లోనికి రానిచ్చెనా, లేదా అనుటలో ఉన్నది.

నల్లని మట్టిపాత్రలకు ఈ దేశమున పేరుపడిన ఊరు నిజామాబాదు. తెలంగాణములోని నిజామాబాదు కాదు. ఉత్తర ప్రదేశమున ఆజంగఢ్ జిల్లాలోనిది. ఔరంగజేబు కాలమున గుజరాతు దేశపు కచ్ఛు ప్రాంతమునుండి వచ్చిన కుమ్మరులు ఈ పనిని అచట నెలకొల్పిరని చెప్పుదురు. 2015వ సంవత్సరమున ఆ పాత్రలకు భౌగోళిక గుర్తింపు లభించినది. అనగా ఆ పేరు పెట్టి వేరొక చోటి సరకును అమ్మరాదు.

మన్ను ఊరి చెరువులదే. దానిని నానబెట్టి, తేర్చి, వడకట్టి, గాలి బుడగ లేకుండ తొక్కి పిసుకుదురు. కుమ్మరికి ఒక యేడు, గుదియకు ఒక పెట్టు అను సామెత అందరును ఎరిగినదే. కాని ఆ యేడంతయు కుమ్మరి భయపడునది గుదియకు కాదు, మట్టిలో దాగిన సెనగగింజంత సున్నపురాయికి. ఆ రాయి ఆవములో కాలి సున్నమగును. కుండను బయటికి తీయునప్పుడు ఏ దోషమును కనబడదు. కొన్ని దినములకు ఆ సున్నము గాలిలోని తేమను పీల్చి, ఉబ్బి, కుండ గోడను పెచ్చుగా ఊడగొట్టును. కొనినవాడు కుమ్మరిని నిందించును. వడకట్టుటయందు చూపని ఓపిక తరువాత ఎంత చూపినను అక్కరకు రాదు.

ఇక మెరుగు. నల్లకుండ నిగనిగను చూచి గాజుపూత అని పలువురు భ్రమింతురు. గాజుపూత అనగా ఇసుకలోని సారము ద్రావక వస్తువులతో కలిసి వేడికి కరగి, కుండపై గాజుపొరగా నిలుచుట. నల్లకుండపై అటువంటిదేదియు లేదు. మామిడి బెరడు, వెదురాకు, అడ్డసరపు ఆకు మొదలగువానిని మేలిమన్నుతో కలిపి చేసిన పలుచని పూతను నిజామాబాదువారు పచ్చికుండకు పూయుదురు. దానిని వారు కాబిజ్ అందురు. పిమ్మట ఆవనూనె రాచి, రుద్ది నునుపు చేయుదురు. మట్టి రేణువులు సన్నని రేకులవంటివి. అవి అడ్డదిడ్డముగా ఉన్నంతవరకు కుండ మొద్దుగా కనబడును. రుద్దినచో అవన్నియు ఒక వరుసన పరుండి వెలుగును తిరుగగొట్టును. ఆ తళుకు చేతి ఒరిపిడిదే. పూలను, గీతలను వాడిపుల్లతో చెక్కుటయు కాల్చుటకు ముందే జరుగును.

అసలు పరీక్ష ఆవములో. తొలుత మంట సన్నగా ఉండవలయును. కుండలో మిగిలిన తడి తొందరగా ఆవిరియైనచో గోడ పగులును. మట్టితో రసాయనికముగా బంధింపబడిన నీరు మరియొకటి కలదు. అది సుమారు 500 డిగ్రీలు దాటినగాని విడువదు. అది పోయిన పిదప ఎంత నానబెట్టినను కుండ తిరిగి మన్ను కాదు.

మట్టిలో ఇనుము కలదు. గాలి ధారాళముగా అందినచో ఆ ఇనుము ఆమ్లజనితో కూడి ఎర్రని భస్మమగును. ఇటుక ఎరుపు అదియే. నలుపు కోరువాడు కుండలు పండిన వేళకు ఊక దండిగా చేర్చి, ఆవమునకున్న సందులన్నిటిని మూసివేయును. ఊక మండుటకు గాలి కావలయును, గాలి లేదు. అపుడు పుట్టిన వాయువులు మట్టిలోని ఇనుమునుండియే ఆమ్లజనిని లాగికొనును. ఎర్రభస్మము నల్లభస్మముగా మారును. ఆ వేళనే పొగలోని కర్బనము అతి సూక్ష్మరేణువులై కుండ గోడలోనికి చొచ్చి నిలుచును. వేడి తక్కువైన ఆవములలో ఈ రెండవ కార్యమే ప్రధానము.

ఇంతవరకు వచ్చిన పని వ్రేలు దూరునంత బీటవలన చెడును. నల్లబడిన కుండకు వేడి ఆరకముందు గాలి తగిలినచో కర్బనము మండిపోయి, ఇనుము మరల ఎర్రబారి, మచ్చలు పడును. లోన ఏమి జరుగుచున్నదో చూడ వీలులేదు. పొగ రంగును, వాసనను బట్టి పోల్చుకొనవలసినదే. దినముల తరబడి ఇంటిల్లిపాది చేసిన పని ఆ మూతక్రింద ఉండును. కుమ్మరి ఇంట పుట్టిన మొల్ల చెప్పిన రామాయణము గ్రంథాలయములందు కలదు. ఆవము మూయవలసిన వేళను నేర్పు గ్రంథము మాత్రము అరుదు. ఆ విద్య తండ్రి ప్రక్కన కూర్చుండి కొడుకు నేర్చునది. కొడుకు వేరు పనికి పోయినచో అది ఆ ఇంట అంతటితో సరి.

ఈ విద్య తెలుగువారికి క్రొత్తది కాదు. 1954 మొదలు 1960 వరకు నాగార్జునకొండలో జరిగిన త్రవ్వకములలో ఇనుపయుగపు రాతిసమాధులు బయల్పడినవి. అటువంటి సమాధులలో దొరకు కుండలు లోపలను, అంచునను నల్లగాను, వెలుపల క్రిందిభాగమున ఎర్రగాను ఉండును. కుండను ఊకలో బోర్లించి కాల్చుటవలన మూసుకొనిన భాగము నల్లబడి, గాలి తగిలిన భాగము ఎర్రబడినదని పండితులలో పలువురి అభిప్రాయము. గంగామైదానమున బుద్ధుని కాలమునాటికే అద్దమువంటి నల్లపాత్రలు చేసిరి. వాని పెంకులు అమరావతిలోను దొరకినవి.

మెరుపునకు మూల్యము కలదు. మెక్సికో దేశమున ఓహాకా సమీపపు సాన్ బార్తొలో కొయోతెపెక్ గ్రామమున పూర్వము బూడిదరంగు కుండలు చేసెడివారు. అవి గట్టివి, నీరు కారనివి. 1950 ప్రాంతమున డోన్యా రోసా అను కుమ్మరి స్త్రీ పచ్చికుండను రాతితో రుద్ది, వేడి కొంత తగ్గించి కాల్చి, నిగనిగలాడు నలుపును సాధించెను. లోకమంతయు వానికై ఎగబడెను. కాని ఆ కుండలలో నీరు నిలువదు, అవి అలంకారమునకే.

నిజామాబాదు పాత్రలపై వెండివలె మెరయు తీగలకు ప్రేరణ బీదరు పనియే అందురు. 1956 వరకు హైదరాబాదు రాజ్యములో ఉండిన బీదరులో తుత్తునాగపు లోహమును నల్లబరచి, అందు నిజమైన వెండిని పొదుగుదురు. మట్టికుండపై అంత వెండి పెట్టువాడెవడు? చెక్కిన గీతలలో తుత్తునాగమును పాదరసముతో కలిపిన పొడిని రుద్దుదురు. కొందరు సీసమును, తగరమును వాడుదురు. చూపులకు ముచ్చటయే. అయితే పాదరసపు ఆవిరి వాసన లేని విషము. దినమంతయు వ్రేళ్లతో దానిని రుద్దువారికి మొదట తగులును. గాలి ఆడని గదిలో ఆ పని చేయరాదు. కొనువారును ఆ పాత్రలను పూలకూజాలుగా ఉంచుకొనవలెనేగాని, వానిలో పెరుగు తోడుపెట్టరాదు, చింతపండు పులుసు కాచరాదు. సీసము కలిసిన గాజుపూతకును ఇదే మాట. పులుపు సీసమును కరగించును. ఏ తెల్లపనియు, లక్కపూతయు లేని సాదా నల్లకుండలో పొగయు మన్నును తప్ప మరేమియు లేవు. గంజి కాచి దాని సూక్ష్మరంధ్రములు పూడ్చిన పిదప వంటకు వాడుకొనవచ్చును.

ఎర్రకుండకు నల్లరంగు పూసి అమ్మినచో నిజమైన కుమ్మరికి గిట్టుబాటు ధర రాదు. ఆ మోసమును కనిపెట్టుట కష్టము కాదు. కొనుటకు ముందు కుండను బోర్లించి, అడుగున మేకుతో చిన్న గీత గీయవలెను. పొగలో కాలినదైనచో ఆ గీతలోను నలుపో, బూడిదరంగో ఉండును. రంగు పూసినదైనచో ఎరుపు బయటపడును.