ముస్సోలినీ ఇల్లాలు



రాజ్యము పోగొట్టుకొన్న ప్రభువుల కథలు మనకు కొల్లలు. నలుడు పోగొట్టుకొనెను; హరిశ్చంద్రుడు పోగొట్టుకొనెను. దమయంతిని, చంద్రమతిని తలచుకొన్నపుడు మన కన్నులు చెమర్చును. ఏలయన, వారి భర్తలు ధర్మాత్ములు. భర్త అధర్మపరుడై, ప్రజలను పీడించి, తుదకు పదవినుండి పడద్రోయబడినపుడు వాని ఇల్లాలినిగూర్చి మన మేమని తలపవలెను? ఈ ప్రశ్న కలిగినపుడు మనకు మండోదరి జ్ఞప్తికి వచ్చును. నేడు నేను చెప్పబోవునది మన కాలమునకు దగ్గరి కథ. ఇటలీదేశమును దాదాపు 21 సంవత్సరములు నియంతగా ఏలిన బెనీటో ముస్సోలినీ భార్య రాకేలె చరిత్రమిది. మన గాంధీమహాత్ముడు 1931 డిసెంబరులో లండనునుండి తిరిగి వచ్చుచు రోమునగరమున చూచినది ఈ ముస్సోలినీనే.

ఇటలీ ఉత్తరభాగమున రోమాన్యా అను సీమయందు ప్రెదాప్పియో అను ఊరు కలదు. ఆ యూరి పరిసరమున 1890 ఏప్రిల్ 11వ తేదీని ఒక పేద సేద్యగాని యింట రాకేలె జన్మించినది. ఆ యూరిబడిలో పంతులమ్మ ముస్సోలినీ తల్లి, తండ్రి కమ్మరి. పంతులమ్మకు బదులుగా అప్పుడప్పుడు కుమారుడు వచ్చి పాఠము చెప్పెడివాడు. తరువాత లోకమును గడగడలాడించిన ఆ మనుష్యుని రాకేలె మొదట చూచినది ఆ బడిలోనే. అతడు కొంతకాలము బడిపంతులుగా జీతమునకును కుదిరెను. మా వృత్తికి ఇది గర్వకారణమని నేను చెప్పజాలను.

తండ్రి చిన్ననాడే గతించుటచే రాకేలె చదువు మానుకొని పరుల యిండ్లలో పనికి కుదిరినది. 1905లో పంతులమ్మ మరణించెను. పిమ్మట ఆ కమ్మరియు, విధవయైన రాకేలె తల్లియు కలిసి ఫొర్లీ పట్టణమున ఒక పూటకూళ్లయిల్లు నడిపిరి. అచ్చట వడ్డించుచున్న రాకేలెకును బెనీటోకును ప్రేమ కుదిరినది. 1910లో ఇరువురును కాపురము పెట్టిరి. ఆ యేడే ఎడ్డా అను కుమార్తె కలిగినది. కాని పెండ్లి మాత్రము లేదు! ఆ దినములలో అతడు సామ్యవాది; గుడినిగాని ప్రభుత్వమునుగాని లెక్కింపనివాడు. 1915 డిసెంబరులో ప్రభుత్వాధికారి యెదుట పెండ్లి జరిగెను. మరల 1925 డిసెంబరులో, అతడు దేశప్రభువై మతగురువులతో సఖ్యము కోరుచున్నపుడు, గురువు సమక్షమున రెండవమారు జరిగెను. అదే పెనిమిటిని రెండు పర్యాయములు పెండ్లాడిన ఆమెకు ఏ పెండ్లియు తన కొరకై జరిగినది కాదేమో!

ఈ సందర్భమున ఇంకొక యువతి కథ చెప్పక తప్పదు. ఈదా డాల్సెర్ అను నామె 1915లో ముస్సోలినీకి కుమారుని కని, తానే ధర్మపత్నినని వాదించెను. అతడు అధికారమునకు వచ్చిన పిదప ఆమెను పిచ్చియాసుపత్రిలో పెట్టించిరి. ఆమె 1937లోను, ఆ కుమారుడు 1942లోను అట్టి యాసుపత్రులలోనే మరణించిరి. రాకేలె కాపురము నిలిచిన పునాదిక్రింద ఈ రెండు ప్రాణములు ఉన్నవని మనము మరువరాదు.

1922 అక్టోబరులో ముస్సోలినీ ప్రధానమంత్రి ఆయెను. రాకేలె 1929 వరకు పిల్లలతో మిలాను నగరముననే యుండి, పిమ్మట రోమునకు వచ్చెను. తొర్లోనియా ప్రభువు తన భవనమును ఏటికి ఒక్క లీరా నామమాత్రపు అద్దెకు వారికిచ్చెను. ఐదుగురు బిడ్డల తల్లియగు ఆమె ఆ భవనపు తోటలో కూరపాదులు పెట్టినది, కోళ్లను పెంచినది. విందులకు, సభలకు పోవుట ఆమెకు కిట్టదు. దీనినిబట్టి కొందరు ఆమెను ఏమియు నెరుగని అమాయకురాలిగా చిత్రించిరి. నేను దాని నంగీకరింపను. 1924లో మత్తెయొత్తి అను ప్రతిపక్షసభ్యుని హత్య చేసిరి; 1935లో అబిసీనియాపై దండెత్తిరి; 1938లో యూదులను బడులనుండియు ఉద్యోగములనుండియు వెడలగొట్టు శాసనములు చేసిరి; 1940 జూనులో దేశమును యుద్ధమున దింపిరి. కోళ్లను గంపక్రింద కమ్మినంతమాత్రమున ఇల్లాలికి వీథిలోని యేడుపు వినరాకుండునా? భర్త చుట్టునున్నవారిలో ఎవరు నమ్మదగినవారు, ఎవరు కారు అను విచారణ ఆమెకు మెండుగనే యుండెను.

యుద్ధము ఆమె యింటిని విడువలేదు. రెండవ కుమారుడు బ్రూనో 1941 ఆగస్టులో విమానప్రమాదమున చనిపోయెను. 1943 జూలైలో శత్రుసేనలు సిసిలీలో దిగెను. (ఆ పిమ్మట ఇటలీ కొండలలో మన భారతసైనికులును వేలకొలది నేలకొరిగిరి.) జూలై 24 రాత్రి ముస్సోలినీ మహాసభవారే అతనికి ప్రతికూలముగా తీర్మానించిరి. అట్లు చేసిన 19 మందిలో స్వంత అల్లుడు, ఎడ్డా భర్త, చానో ఒకడు. మరునాడు రాజు పిలిపించెను. వెళ్లవలదని తాను వారించితినని రాకేలె పిమ్మట వ్రాసికొన్నది. మండోదరి మాట రావణుడు వినలేదు. ఈమె మాటయు చెల్లలేదు. కాని మండోదరి చెప్పినది సీతను విడువుమని. రాకేలె చెప్పినది రాజును నమ్మవలదని. ఈ భేదము చిన్నది కాదు. ఆ సాయంకాలమే అతనిని బంధించిరి.

సెప్టెంబరులో హిట్లరు సైనికులు అతనిని విడిపించి, ఉత్తరమున గార్డా సరస్సు ఒడ్డున ఒక కీలుబొమ్మ ప్రభుత్వమునకు అధిపతిని చేసిరి. 1944 జనవరి 11న అల్లుని కాల్చివేసిరి. భర్త ప్రాణమునకై ఎడ్డా తండ్రి కాళ్లావేళ్లా పడినను లాభము లేకపోయెను. రాకేలెకు అల్లునియందు ఎన్నడును నమ్మకము లేదు. కుమార్తె వైధవ్యము, భర్త అధికారము ఒకే యింట ఎట్లు ఇమిడినవో ఊహింపుడు! అదే సరస్సు ఒడ్డున భర్త ప్రేయసి క్లారా పెటాచ్చి కాపురముండెను. 1944లో రాకేలె ఆమె యింటికి స్వయముగా పోయి తగవాడినది. ఫలము లేదు.

1945 ఏప్రిల్ 28న పారిపోవుచున్న ముస్సోలినీని ప్రతిఘటనదళమువారు పట్టి కాల్చిరి. ప్రక్కన మరణించినది పెండ్లాము కాదు, క్లారా. మరునాడు మిలాను నగరపు కూడలిలో వారి శవములను తలక్రిందులుగా వ్రేలాడదీసిరి. రాకేలె చిన్నపిల్ల లిద్దరితో స్విట్జర్లాండు సరిహద్దునకు పోగా అచ్చటివారు రానీయలేదు. పట్టుబడి కొన్నాళ్లు నిర్బంధములోను, పిమ్మట ఇస్కియా ద్వీపమునందును కాలము గడపెను.

అచటినుండి ఆమె కోరినది ప్రధానముగా ఒక్కటియే: భర్త దేహము.

శవమును మిలానులో గుర్తులేని గోతిలో పూడ్చిరి. 1946 ఏప్రిలులో అతని అనుయాయులు రాత్రివేళ త్రవ్వి ఎత్తుకొనిపోయిరి. ఆగస్టులో దొరకినది. ప్రభుత్వమువారు దానిని ఒక సన్యాసుల మఠమున రహస్యముగా దాచిరి. భార్యకు గూడ చోటు చెప్పలేదు. ఇట్లు 11 సంవత్సరములు! రావణుడు కూలినపుడు విభీషణుడు సంస్కారములకు వెనుదీసెను. మరణముతో పగ తీరినదని రాముడు చెప్పి చేయించెను. ఆ ధర్మము తెలిసిన మనకు ఇటలీ ప్రభుత్వపు చేష్ట క్రూరముగనే తోచును. కాని వారి భయము ఒట్టిది కాదు. సమాధి తెలిసిన తోడనే అది ఫాసిస్టులకు తీర్థమగునని వారనుకొనిరి. అట్లే అయినది. తుదకు 1957లో, ప్రెదాప్పియోతో సంబంధముగల జోలి అను ప్రధానమంత్రి కాలమున, ఆ దేహమును ఇచ్చిరి. ఆగస్టు తుదిని స్వగ్రామపు శ్మశానమున కుటుంబపు సమాధిగృహమునందుంచిరి. దానికిని కారణము కేవలము కరుణ కాదు. ఆ మంత్రివర్గము నిలుచుటకు నవఫాసిస్టుల ఓట్లు కావలసివచ్చెను. వితంతువు కన్నీటికి కరగనిది శాసనసభ లెక్కకు కరగినది. ఇంకొక వింత: శవపరీక్షవేళ అమెరికావారు పరిశోధనకై తీసికొన్న మెదడు తునకను 1966లో ఆమెకు తిరిగి పంపిరి.

అప్పటికి ఆమె స్వగ్రామసీమకు వచ్చి, చిన్ననాటివలెనే, భోజనశాల నడుపుచుండెను. తానే పిండి పిసికి, వచ్చినవారికి వండిపెట్టెడిది. ప్రభుత్వపు సొమ్ము మింగి సుఖించినదని ఆమెనుగూర్చి చెప్పుటకు వీలులేదు. వచ్చువారు తిండికొరకే రాలేదని ఆమెకు తెలియును. 1948లో తాను ప్రకటించిన జీవితకథయందుగాని, అటుపిమ్మటగాని, భర్త పాలనచే చెడినవారినిగూర్చి పశ్చాత్తాపము చూపలేదు. రత్నాకరుడను బోయ తన పాపములో పాలుకొందువా యని అడిగినపుడు భార్య కాదన్నదని మన పెద్దలు చెప్పుదురు. రాకేలెను ఎవ్వరును అట్లడుగలేదు. అడిగినచో, అది పాపమని ఆమె ఒప్పుకొనియుండునా యనునది నా సందేహము. భర్త దేహమును కోరుటకు ఆమెకు సంపూర్ణమైన హక్కు కలదందును. నిరపరాధి అను పేరు కోరుటకు మాత్రము లేదందును.

1979 అక్టోబరు 30న, 89వ యేట, ఆమె మరణించినది. ఆ సమాధిగృహముననే ఆమెను ఉంచిరి. భర్త జన్మదినమునను మరణదినమునను నల్లచొక్కాల వారు ఆ మెట్లు దిగి వచ్చుచునే యున్నారు.