స్నానశాల లెక్క
(రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



నాకు ముందు మాట్లాడిన పెద్దలు కావ్యములను గూర్చి సెలవిచ్చిరి. నేను స్నానపు గదిని గూర్చి మాట్లాడుటకు లేచితిని. కొందరు నవ్వుచున్నారు, నవ్వవచ్చును. సహకార సంఘమున ముప్పది యేండ్లుగా పద్దులు వ్రాయువాడను. జమ, ఖర్చు, నిలువ సరిపడనిదే నాకు నిద్ర పట్టదు.

ఒక యింట నలుగురున్నారనుకొందము. వారమునకు రెండు మారులు షాంపూ పొట్లముతో తల రుద్దుకొనినచో వారమునకు 8, సంవత్సరమునకు 416 పొట్లములు. మూడు నెలలకొక పండ్ల బ్రష్షు చొప్పున ఏటికి 16. మన గ్రంథాలయమునకు 25 ఏండ్లు నిండినవి. ఆ పాటి కాలములో ఒక్క యింటినుండి 10,400 పొట్లములు, 400 బ్రష్షులు. వాని వెల ఖర్చులో వ్రాసితిమి. వాడిన పిదప ఆ వస్తువు ఏమైనది? ఆ పద్దు ఏ పుస్తకమునను లేదు. వానకాలమున ఈ భవనము ప్రక్క మురుగుకాలువలో తేలునదే ఆ నిలువ. పొట్లము పలు పొరలను అతికించి చేసినది. ఆ పొరలు విడదీయుట దుస్సాధ్యము గనుక పాత సామానుల వాడును దానిని తీసికొనడు.

ఇవి అనాదిగా వచ్చినవి కావు. నైలాను కుచ్చుగల బ్రష్షు 1938లో అమెరికాలో పుట్టినది. చిక్ అను షాంపూ 1983లో కడలూరున చిన్న పొట్లములలో బయలుదేరి పల్లెలకు ప్రాకినది. షాంపూ అను మాట మాత్రము మన దేశముదే. తల మర్దనకు హిందీవారు చెప్పు 'చంపీ'కి చుట్టము. 2022 జూలై 1 నుండి ప్లాస్టికు కాడల చెవిపుల్లలను ప్రభుత్వము నిషేధించినది గాని, ఆ జాబితాలో షాంపూ పొట్లము లేదు.

ఇక నా తప్పు చెప్పుకొనవలెను. చాల యేండ్లు మా పెరటి నీళ్లపొయ్యిలో మంట రాజుకొనుటకు ఈ పొట్లములనే వేసితిని. కాలువలో పడవేయుటకంటె కాల్చుట శుభ్రమని నా భ్రమ. ఒక ఉదయము మనుమరాలు పొయ్యి చెంత కూర్చుండి ఆ పొగకు ఊపిరాడక ఉక్కిరిబిక్కిరియైనది. ప్లాస్టికు పొగ విషమని అంతకు ముందే చదివియుంటిని. చదివినవాడనే ఆ పని చేసితిని.

సుశ్రుతుడు చికిత్సాస్థానమున పండ్లు తోముపుల్ల పండ్రెండంగుళముల పొడవు, చిటికెన వ్రేలి లావు ఉండవలెననియు, చేదు రుచిగల వానిలో వేప శ్రేష్ఠమనియు చెప్పినాడు. తోమిన పిమ్మట దానినే చీల్చి నాలుక గీచుకొందుము. నోటిపుండ్లు గలవారికి మాత్రము పుల్ల కూడదని ఆయనయే వారించినాడు. ఒంటికి సున్నిపిండి, రుద్దుటకు పాదున ఎండిన బీరపీచు. ఇవి మీకు నేను చెప్పవలసినవి కావు.

కుంకుడుకాయ దగ్గర మాత్రము చిక్కు వచ్చినది. నా ప్రసంగమంతయు ఇంట వినిపించగా నా భార్య, "బాగుగనే యున్నదండీ, కాయలు కొట్టునదెవరు?" అన్నది. నాకు జవాబు తోచలేదు. కాయ పగులగొట్టి, గింజ తీసి, తొక్కలు వేడినీట నానవేసి, పిసికి, గుడ్డలో వడగట్టవలెను. రసము నిలువ యుండదు, ఏ పూటకాపూటే. పొట్లము చించుట ఒక్క క్షణము. ఆ శ్రమ ఆడవారిపై వేసి, పూర్వాచారము గొప్పదని పురుషులు ఉపన్యసించుట న్యాయము కాదు. అందుచేత ఏడాదిగా శనివారము సాయంత్రము కాయలు నేనే కొట్టుచున్నాను. మొదటి వారము బొటనవ్రేలు నల్లబడినది. గింజలు మనుమరాలు ఆటకు పట్టుకొనిపోవును. నురుగు కంటబడినచో నోట ఉప్పురవ్వ వేసికొను మన అలవాటు ఆ పిల్లకును వచ్చినది. మరియొక మాట: కుంకుడురసము చేపలకు విషము. తలంటిన నీటిని చెరువునకు పోనీయక అరటిపాదులోనికి మళ్లింపుడు.

ఇంటనున్న బ్రష్షులను నేడే పారవేయుమని నేననను. అరిగినంతవరకు వాడుడు. పొట్లములు మాత్రము మా యింట మానితిమి.

వచ్చు శనివారము సాయంత్రము ఐదు గంటలకు గ్రంథాలయపు అరుగుమీద కుంకుడుకాయలు కొట్టుట నేర్పెదను. కాయలు నేను తెచ్చెదను. పురుషులు తప్పక రావలెను; ఎవరి రాయి వారు తెచ్చుకొనవలెను.