షుగరు ఉన్నవారి పాదాలు

షుగరు ఏళ్ల తరబడి ఉంటే పాదాల నరాలు మొద్దుబారవచ్చు. అప్పుడు మేకు గుచ్చుకున్నా, చెప్పు కరిచినా తెలియదు. నొప్పి లేదు కదా అని ఊరుకుంటారు. ప్రమాదమంతా అక్కడే! నొప్పిలేని పుండు ఎముక దాకా పోగలదు.

మన దగ్గర పాదాలకే ప్రత్యేకించిన పోడియాట్రిస్టులు అరుదు. అలాగని ఆగిపోకండి. ఏడాదికి ఒక్కసారైనా మీ షుగరు డాక్టరుకు చెప్పులు విడిచి పాదాలు చూపించండి. ఆయన చూడకపోతే మొహమాటపడకుండా మీరే అడగండి. 10 గ్రాముల ఒత్తిడికి వంగే సన్నని నైలాన్ పోగును అరికాలికి ఆనించి స్పర్శ ఉందో లేదో చూస్తారు. పాదం మీద నాడి కూడా పట్టి చూస్తారు. కొద్ది నిమిషాల పని, నొప్పి ఉండదు.

పుండు పడినా, పాదం ఎర్రబడి వాచినా, వేలు నల్లబడినా అదే రోజు సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో సర్జన్లు ఉంటారు.

ఆనెకాయను బ్లేడుతో కోసుకోవద్దు. తిమ్మిరి తగ్గుతుందని కాళ్లను వేడినీళ్లలో పెట్టవద్దు, బొబ్బలెక్కినా తెలియదు. స్పర్శ తగ్గినవారికి మెత్తని ఎం.సి.ఆర్. (మైక్రో సెల్యులర్ రబ్బరు) చెప్పులు మంచివి. ఇంట్లో కూడా అవి వేసుకునే తిరగండి.