గాలితుపాకియు ఆయుధశాసనమును
(పట్టణ గ్రంథాలయ సభలో చేసిన ఉపన్యాసము)



ఇంతకు పూర్వము ఈ గ్రంథాలయముననే భూమి చట్టములను గూర్చియు, కౌలుదారుల హక్కులను గూర్చియు మేము ప్రసంగించియుంటిమి. నేడు గాలితుపాకిని గూర్చి మాటలాడుదుమని కార్యదర్శిగారు ప్రకటనపత్రమున వ్రాయించినప్పుడు కొందరు మిత్రులు నవ్విరి. “వకీలుగారికి వయస్సు నలుబది దాటినది, ఇంకను బొమ్మతుపాకులపై మనసు పోలేదు” అనిరి. ఆ నవ్వునకు మేము కోపింపలేదు. తిరునాళ్లలో పలకకు కట్టిన బుడగలను పేల్చు తుపాకి తప్ప, మనలో చాలమంది మరియొక గాలితుపాకిని చేతబట్టియుండరు. బుడగలు కొట్టుటకు చట్టముతో పనియేమి యని తోచుట సహజము. పని యున్నదని తెలిసికొనుటకు మాకును ఒక సంఘటన కావలసివచ్చినది.

కొంతకాలము క్రిందట ఒక తల్లి ఉదయముననే మా యింటికి వచ్చి, “బాబుగారూ, మా అబ్బాయిని ఠాణాలో కూర్చుండబెట్టినారండి. వాడేమైన దొంగా?” అని కన్నీరు పెట్టుకొన్నది. ఆ బాలుడు కళాశాల విద్యార్థి. పొరుగు జిల్లాలో జరుగు పందెమునకు పోవుచు, పొడుగుపాటి సంచితో బస్సు స్టాండున నిలిచియుండెను. సంచిలో ఏమున్నదని అడిగినవారికి “గాలితుపాకి అండీ” యని నిజము చెప్పెను. లైసెన్సు చూపుమనిరి. లైసెన్సు అక్కరలేదని వాడనెను. “తుపాకికి లైసెన్సు అక్కరలేదా? మాకే చెప్పుచున్నావా?” అని ఠాణాకు కొనిపోయిరి. మేము నిబంధనల పుస్తకమును చంకనిడుకొని పోయి, తుపాకిపై చెక్కిన కొలతను చూపి, సంబంధించిన వాక్యమును చదివి వినిపించితిమి. ఆ అధికారి మర్యాదస్థుడు. పుస్తకమును రెండుసార్లు చదివి, బాలుని పంపివేసెను. కాని అప్పటికి మధ్యాహ్నమైనది. పందెమున వాని వంతు దాటిపోయెను. ఏడాదిపాటు చేసిన సాధన ఆ బల్లమీదనే ముగిసినది.

ఇందు ఎవరినైన దుర్మార్గుడనుటకు మాకు వీలు లేకపోయినది. బాలుడు చట్టమును మీరలేదు. పోలీసువాడు తన విధి అనుకొన్నదే చేసెను. తప్పు ఎక్కడనున్నదో వెదకుటయే నేటి మా ప్రసంగము.

మొదట చరిత్ర చెప్పవలెను. 1878లో లిట్టన్ ప్రభువు రాజప్రతినిధిగా నున్నప్పుడు మన దేశమున ఆయుధ చట్టము చేయబడెను. భారతీయుడు లైసెన్సు లేక ఆయుధము ఉంచుకొనరాదు. తెల్లవానికి ఆ నిర్బంధము లేదు. ఆ సంవత్సరముననే దేశభాషా పత్రికల నోరు కట్టు చట్టము కూడ పుట్టినది. ఒకే ఏట చేతికొక సంకెల, నోటికొక సంకెల. మన్యమున 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై పడి తుపాకులు తీసికొనినది ఆ చట్టము అమలులోనున్న కాలముననే. అహింసను వ్రతముగా గొన్న గాంధీమహాత్ముడు సయితము 1930 జనవరిలో ప్రకటించిన పదునొకండు కోరికలలో, ఆత్మరక్షణకై తుపాకి లైసెన్సులు ప్రజల అదుపునకు లోబడి ఇయ్యవలెనని చేర్చెను. 1931 నాటి కరాచీ తీర్మానము పౌరుల ప్రాథమిక హక్కులలో, నిబంధనలకు లోబడిన ఆయుధధారణ హక్కును పేర్కొన్నది.

స్వరాజ్యము వచ్చిన పిమ్మట 1948 డిసెంబరులో రాజ్యాంగసభయందు హెచ్.వి. కామత్ ఈ హక్కును రాజ్యాంగమున చేర్చుటకు సవరణ తెచ్చెను. డాక్టరు అంబేద్కరు కాదనెను, సభయు అంగీకరింపలేదు. రాజ్యాంగము మనకిచ్చినది శాంతియుతముగను, నిరాయుధులమై సమావేశమగు హక్కు. ఆ నిర్ణయము సరియైనదేనని మా అభిప్రాయము. నేడు వీథివీథిని తుపాకులు మ్రోగు దేశములను చూచినవారెవరును దానిని తప్పుపట్టరు. కావున ఆయుధ నియంత్రణమే వలదని మేమనుటలేదు. నియంత్రణము దేనిని కొలుచుచున్నది, ఎట్లు కొలుచుచున్నది యనునదే మా ప్రశ్న.

పాత చట్టమును తీసివేసి 1959లో కొత్త ఆయుధ చట్టమును చేసిరి. అది 1962 అక్టోబరు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. దానిలో తుపాకి యనుదానికి చెప్పిన అర్థము మిక్కిలి విశాలము. మందుగుండు వలననే గాక, మరి యే యితర శక్తివలననైనను గుండును విసరు ఆయుధమంతయు తుపాకియే. గాలి యొత్తిడియు శక్తియే గనుక గాలితుపాకియు ఆ గూటిలోనికే వచ్చినది. అయితే అదే చట్టమున 41వ విభాగము కేంద్రప్రభుత్వమునకు మినహాయింపు లిచ్చు అధికారమును కల్పించుచున్నది. ఆ దారిని గాలితుపాకులకు మినహాయింపు వచ్చినది. తొలిదినములలో చెక్కపలకపై పేల్చి చూచి, పలకను గుండు తూట్లు పొడువకున్న విడిచిపెట్టు పరీక్ష యుండెను. 2016 ఆయుధ నిబంధనలు పలకకు బదులు అంకెలను తెచ్చినవి. గొట్టపు రంధ్రము 4.5 మిల్లీమీటర్లకు మించరాదు; గొట్టము విడుచునప్పటి శక్తి 20 జౌళ్లకు మించరాదు. ఈ రెండు హద్దులలో దేనిని దాటినను లైసెన్సు కావలెను. రెండింటిలోపల నున్నచో అక్కరలేదు.

జౌలు అనగా నేమని కొందరడుగుదురు. లెక్క చెప్పిన తేటపడును. ఒలింపికు పందెములలో వాడు గాలితుపాకి అర గ్రాము బరువుగల సీసపు గుండును సెకనుకు సుమారు 175 మీటర్ల వేగమున విసరును. ఆ గుండు శక్తి ఏడున్నర జౌళ్లు మాత్రమే. మందుగుండుతో పేలు చిన్న తుపాకి, అనగా పాయింటు ఇరువదిరెండు రైఫిలు, గుండు శక్తి 140 జౌళ్ల ప్రాంతమున నుండును. ఈ రెండింటిని ఒక్క మాటతో “తుపాకి” యని పిలుచుట, తాబేటికాయను ఫిరంగిగుండును ఒక్క సంచిలో వేయుట వంటిది.

ఇక ఎయిర్‌సాఫ్ట్ అను ఆటను గూర్చి చెప్పవలెను. ఇది 1970 తరువాతి దశాబ్దమున జపానులో పుట్టినది. అక్కడ సామాన్యునికి నిజమైన తుపాకి దొరకుట బహు కష్టము. అందుచేత ఆకారమున తుపాకిని పోలి, 6 మిల్లీమీటర్ల ప్లాస్టికు గుండ్లను విసరు పరికరమును చేసి, రెండు పక్షములుగా నిలిచి ఆడుకొనసాగిరి. ఈ ఆటలో ఒక విశేషము కలదు. గుండు తగిలినదో లేదో చెప్పువాడు న్యాయనిర్ణేత కాడు. తగిలినవాడే చేయి యెత్తి, తగిలినదని యొప్పుకొని తొలగిపోవలెను. సత్యము పలుకనివానికి ఆ ఆటలో చోటు లేదు. న్యాయస్థానములలో ఇరువది యేండ్లుగా సాక్షులను విచారించుచున్న మాకు ఈ నియమము మిక్కిలి ముచ్చట గొలిపినది.

ఆ ప్లాస్టికు గుండు బరువు గ్రామున అయిదవ వంతు. సెకనుకు 100 మీటర్ల వేగమున పోయినను దాని శక్తి ఒక్క జౌలు. మన నిబంధన హద్దులో ఇరువదవ వంతు. కాని రంధ్రమో? ఆరు మిల్లీమీటర్లు, మన హద్దు నాలుగున్నర. వాక్యమును అక్షరాలా చదువువాడు, ఒక జౌలు ప్లాస్టికు గుండు లైసెన్సు వస్తువనియు, పందొమ్మిది జౌళ్ల సీసపు గుండు స్వేచ్ఛావస్తువనియు వాదింపవచ్చును. ఏ వాదమునకైన తావిచ్చు వాక్యము పౌరునికి రక్షణ కానేరదు. తెచ్చుకొన్నవాడు నేరస్థుడో, ఆటగాడో చూచు అధికారి చిత్తమును బట్టి తేలుచున్నది.

ఇతర దేశములు ఏమి చేసినవి? జపాను 2006లో చట్టమును సవరించి, 6 మిల్లీమీటర్ల గుండునకు 0.98 జౌలు హద్దు పెట్టినది. దానికి లోబడినది ఆటవస్తువు, మించినది నేరము. బ్రిటనులో 2017 చట్టము ఎయిర్‌సాఫ్ట్‌నకు ప్రత్యేక నిర్వచన మిచ్చి, ఒక్కొక్క గుండుగా పేలువానికి 2.5 జౌళ్లు, వరుసగా పేలువానికి 1.3 జౌళ్లు అని నిర్ణయించినది. స్కాట్లండు మరియొక దారి పట్టినది. 2005లో గ్లాస్గోలో గాలితుపాకి గుండు తగిలి రెండేండ్ల పసివాడు మరణించెను. ఆ దుఃఖమునుండి పుట్టిన ఆలోచన చట్టమై, 2016 డిసెంబరు 31 మొదలు అక్కడ సామాన్య గాలితుపాకులకును అనుమతిపత్రము కావలసివచ్చినది. అమెరికాలో 1988 చట్టము బొమ్మతుపాకి కొనకు నారింజరంగు ఉండవలెనన్నది. 2014 నవంబరులో క్లీవ్‌లాండు నగరమున పండ్రెండేండ్ల బాలుని చేతిలో ఆ రంగుకొన లేని ఎయిర్‌సాఫ్ట్ పిస్తోలు ఉండెను. పోలీసులు దానిని నిజమైనదనుకొని కాల్చిరి; బాలుడు మరణించెను.

కావున ప్రమాదము లేదని మేమనము. గాలితుపాకి గుండు కంటిని పోగొట్టగలదు. అతి సమీపమున ప్రాణమును తీయగలదు. ఆకారము మోసగించి ప్రాణమును తీయగలదు. మన దేశమున ఇంకొక ప్రమాదమున్నది. అది పక్షులది. అరుణాచల ప్రదేశమున అడవిపిట్టలు గాలితుపాకుల పాలగుచుండగా, 2021 మార్చిలో తుపాకులను స్వచ్ఛందముగా అప్పగించు ఉద్యమము ఆరంభమై, గ్రామస్థులు వేలకొలది తుపాకులను తెచ్చి యిచ్చిరి. బలవంతముచేత గాక మంచిమాటచేత జరిగిన పని అది. మన కొల్లేటి కొంగలకును, నేలపట్టు గూడబాతులకును గాలితుపాకి శత్రువే. 1972 వన్యప్రాణి రక్షణ చట్టము వేటను నిషేధించుచున్నది. లైసెన్సు అక్కరలేని తుపాకియైనను ఆ నేరమునుండి తప్పించుకొనజాలదు. పిట్టలను కొట్టువాని పక్షమున వకాల్తా పుచ్చుకొనుటకు మేము సిద్ధముగా లేము.

“ఇన్ని చిక్కులున్నప్పుడు అన్నిటిని ఒక్కసారిగా నిషేధించిన పోలేదా?” అని మా తోడి వకీలొకరు అడిగిరి. పోదు. 2008లో బీజింగున అభినవ్ బింద్రా తెచ్చిన బంగారుపతకము 10 మీటర్ల గాలితుపాకితో తెచ్చినది. ఒలింపికులలో మన దేశమునకు ఒంటరి ఆటగాడు తెచ్చిన తొలి బంగారము అదియే. 2012లో లండనున కంచుపతకము గెలిచిన గగన్ నారంగ్ హైదరాబాదువాడు. 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడలలో 10 మీటర్ల గాలిపిస్తోలు పందెమున వెండిపతకము గెలిచిన ఈషా సింగ్ హైదరాబాదు బాలిక. 2024లో పారిసున మనూ భాకర్ తెచ్చిన రెండు కంచుపతకములును గాలిపిస్తోలుతోనే వచ్చినవి. పది మీటర్ల దూరమున అర మిల్లీమీటరు చుక్కను కొట్టుటకు కావలసినది క్రూరత్వము కాదు. ఊపిరిని నిలుపు నిగ్రహము. పతకము వచ్చిననాడు పూలదండ వేసి, సాధనకు పోవునాడు సంచి లాగి చూచుట ఏమి న్యాయము?

మా విన్నపములు కొన్ని కలవు. వీనిలో ఒక్కటియు విప్లవము కాదు.

నిబంధనకర్తలు ఎయిర్‌సాఫ్ట్‌ను వేరు తరగతిగా గుర్తించి, దానిని రంధ్రముతో గాక శక్తితో కొలువవలెను. ఒకటి రెండు జౌళ్లలోపల స్పష్టమైన హద్దు గీచిన చాలును. ఆకారమువలని భయమును పోగొట్టుటకు కొనకు మెరయు రంగును, వీథిలో కొనిపోవునప్పుడు మూసిన సంచిని విధింపవలెను. అమ్మువారు కొనువాని గుర్తింపును వ్రాసి యుంచుకొనవలెను; బాలురకు పెద్దల పూచీ లేక ఇయ్యరాదు; కంటిని కాపాడు అద్దములు లేక ఆట సాగరాదు. ప్రతి జిల్లా కేంద్రమున ఒక్కటియైన గోడలుగల సాధనశాల యుండవలెను. చోటు లేని ఆటయే మామిడితోపులలోనికి పోయి పిట్టల ప్రాణము తీయును.

అన్నిటికంటె సులభమైన దింకొకటి యున్నది. దానికి చట్టసభ అక్కరలేదు, ధనమును అక్కరలేదు. నిబంధనను ఒక్క పుటలో తేట తెలుగున అచ్చువేసి ప్రతి ఠాణా గోడకు అంటింపవలెను. మా కక్షిదారుని కథలో లోపించినది అదియే. నిబంధన బాలుని పక్షముననే యుండెను. కాని అది పరభాషలో, పుస్తకములో, వకీలు చంకలో నుండెను. ప్రజకు తెలియని హక్కు, అధికారికి తెలియని మినహాయింపు రెండును లేనివానితో సమానము. 1878 నాటి చట్టము పరాయివాడు మనలను నమ్మక చేసినది. మనము చేసికొన్న చట్టమును మన భాషలో మనమే చదువుకొనలేకున్న ఆ అపనమ్మకమే మరియొక రూపమున కొనసాగుచున్నది.

ఆ ఒక్క పుటను మేము తెలుగున వ్రాసి తెచ్చితిమి. ఒక ప్రతిని ఈ గ్రంథాలయపు బల్లపై ఉంచుచున్నాము. రెండవదానిని రేపు ఠాణాకు కొనిపోయెదము. ఆ బాలుడును మాతో వచ్చుచున్నాడు. వాడు మరల సాధనకు పోవుచున్నాడనియు, వచ్చు ఏటి పందెమునకు పేరు నమోదు చేయించుకొన్నాడనియు సభవారికి తెలుపుటకు సంతసించుచున్నాము.