పది నిమిషాల పని
(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షను సంగతులన్నీ కార్యదర్శి గారు వివరంగా చెప్పారు. నన్ను మాత్రం "మీ కారు కథ చెప్పండి" అన్నారు. నవ్వుకోవడానికే అడిగారేమో గాని, అందులో మనందరికీ పనికొచ్చే సంగతి ఒకటుంది.

నాది 2009లో కొన్న పెట్రోలు కారు. 2024లో 15 ఏళ్ళు నిండితే, ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ మరో 5 ఏళ్ళకు పొడిగించుకున్నాను. ఆ మరుసటి ఏడాది ఒక ఉదయం మా ఆవిడను పంజాగుట్ట నిమ్స్‌కు గుండె పరీక్షకు తీసుకువెళుతుంటే, అమీర్‌పేటలో రెండు మెట్రో లైన్లు కలిసే స్టేషను కింద బండి ఆగిపోయింది. వెనక హారన్ల మోత. పుణ్యాత్ములు నలుగురు చెయ్యి వేసి పక్క సందులోని షెడ్డు దాకా తోశారు.

మెకానిక్కు పాతికేళ్ళ కుర్రవాడు. తాళం తిప్పి చెవి ఒగ్గి విన్నాడు. తాళం తిప్పగానే వెనకనుంచి రెండు సెకన్లు సన్నగా "గుయ్" మనాలి. అది వినపడలేదు. ఫ్యూజు, రిలే బాగానే ఉన్నాయి. పంపు దాకా కరెంటు వస్తోంది. పంపే పోయిందని తేల్చాడు. అంతవరకు అతని పని ముచ్చటగా ఉంది.

కార్బురేటర్ రోజుల్లో ఈ పంపు చాలా కార్లకు ఇంజను పక్కనే ఉండేది. ఇంజెక్షన్ ఇంజన్లు వచ్చాక కరెంటు పంపు టాంకు లోపలికి చేరింది. చుట్టూ ఉన్న పెట్రోలే దాన్ని చల్లగా ఉంచుతుంది. పెట్రోల్లో మోటారేమిటని భయపడనక్కరలేదు. మండటానికి చాలినంత గాలి అక్కడ ఉండదు. గాలిలో పెట్రోలు ఆవిరి సుమారు నూటికి ఒకటిన్నర నుంచి ఏడున్నర పాళ్ళు ఉన్నప్పుడే అంటుకుంటుంది. అందుకే నిండు టాంకు కంటే ఖాళీ టాంకు ప్రమాదం.

చాలా కార్లకు వెనక సీటు కింద పంపు మీద ఒక మూత ఉంటుంది. నా కారుకు లేదు. టాంకు దింపాలి. బోల్టులేమో తుప్పు పట్టి ఉన్నాయి. కుర్రవాడు సీటు ఎత్తి, గ్రైండరు చేతిలోకి తీసుకున్నాడు.

"ఫ్లోరు కోసేస్త అంకుల్. పది నిమిషాల పని. ఇట్లాంటివి మస్తు కోసినం."

ఆ రేకు కింద నాలుగు వేళ్ళ దూరంలో సగం నిండిన టాంకు ఉంది. ముందు సీట్లో మా ఆవిడ ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

అయ్యా, లైను మీద పనిచేసిన మనకు ఎల్.సి. అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. నా సర్వీసు తొలి రోజుల్లో ఒక హెల్పరు "ఐదు నిమిషాల పనే సార్, ఎల్.సి. ఎందుకు?" అన్నాడు. నేను తల ఊపాను. అతను బతికాడు గాని కుడిచెయ్యి పనికి రాకుండా పోయింది. నా పదవీ విరమణనాడు మెడలో దండ వేసినప్పుడు కూడా ఆ చెయ్యే గుర్తొచ్చింది.

"ఆపు బాబూ!" అని అరిచాను. ఇంత గొంతు నాకింకా ఉందని నాకే తెలియదు. ముందు మా ఆవిడను దింపాను. "బండి సంగతి తర్వాత, ఆటోలో పోదాం పదండి" అంది ఆవిడ. సాయంత్రం తిరిగి వచ్చాక కుర్రవాడితో కూర్చుని మాట్లాడాను. మొదట చిన్నబుచ్చుకున్నాడు. ఆ చెయ్యి కథ చెప్పాక మాత్రం గ్రైండరు ప్లగ్గు అతనే పీకేశాడు.

మర్నాడు పని పద్ధతిగా జరిగింది. బ్యాటరీ నెగటివ్ వైరు తీశాం. ఆరుబయట, నిప్పుకు దూరంగా పెట్రోలు తోడి మూత ఉన్న డబ్బాలో పోశాం. బోల్టులకు తుప్పు వదిలే నూనె పోసి, నానబెట్టి, టాంకు దింపి దూరంగా పెట్టాం. కొత్త పంపు అక్కడే బిగించాం. మళ్ళీ ఈ తంటా రాకుండా మూత పెట్టుకోదలిస్తే కోయాల్సింది అప్పుడే, టాంకు కింద లేనప్పుడే.

పంపు మీది చట్రం కొలతకు అట్టముక్క కోసి, సీటు బోల్టుల నుంచి కొలిచి, రేకు మీద గీశాం. అడుగున బ్రేకు గొట్టాలు, వైర్లు లేవని చూసుకున్నాం. రేకుకు బలమిచ్చే ఉబ్బెత్తు మడతల జోలికి పోలేదు. నాలుగు మూలలా రంధ్రాలు వేసి, రేకు కత్తెరతో కోశాం. మూల గుండ్రంగా ఉంటే చీలిక పుట్టదు. అంచులు ఆకురాయితో రుద్ది రెడ్ ఆక్సైడ్ పూశాం. అంతే మందం రేకుతో, చుట్టూ 2 సెంటీమీటర్లు ఎక్కువ ఉండేలా మూత చేసి, కింద పెట్రోలుకు తట్టుకునే రబ్బరు పెట్టి స్క్రూలు బిగించాం. ఆ ఫ్లోరే టాంకుకూ మనకూ మధ్య గోడ. సందు ఉంటే ఆవిరి లోపలికొస్తుంది. అన్నీ బిగించాక అద్దాలు మూసి గంట ఉంచి, తలుపు తీసి వాసన చూశాను. ఏమీ లేదు.

మీకు చెప్పేది ఇంతే. కోయించే ముందు మీ కారుకు మూత ఉందేమో సీటు ఎత్తి చూడండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను బండిలో మార్పుల గురించి చెబుతుంది గనుక, ఆర్.టి.ఓ. ఆఫీసులోను, ఇన్సూరెన్సు వారిని అడిగి తెలుసుకోండి. టాంకులో పావు వంతుకు తగ్గకుండా పెట్రోలు ఉంచితే పంపు వేడెక్కదు. అన్నిటికీ మించి, "పది నిమిషాల పని" అని ఎవరన్నా, ముందు బండిలో మనుషులను దింపండి.

మొన్న నిమ్స్‌కు ఆ కారులోనే వెళ్ళాం. దారిలో షెడ్డు ముందు ఆగాను. కుర్రవాడు ఇంకో కారు టాంకు దింపుతున్నాడు. నన్ను చూసి, "ఎల్.సి. తీసుకున్న అంకుల్!" అన్నాడు.